జేబులోని లినక్సు: ఒక సంవాదము

గృహస్థు: ఆపరేటింగ్ సిస్టమనునది యంత్రమునందే కాపురముండవలెనని నా మతము. పరుల కంప్యూటరులోనికి మన జేబునుండి ఒక వ్యవస్థను దింపి, పని ముగించుకొని, దానిని మరల జేబులో వేసికొని లేచిపోవుట సాధ్యమే కావచ్చును. సాధ్యమైనదెల్ల అలవాటుగా చేసికొనదగినది కాదు. నా బల్లమీది కంప్యూటరు తొమ్మిది సంవత్సరములుగా నాతో నున్నది. దాని ప్రింటరు ఏ రకపు కాగితమునకు మొరాయించునో, ‘అను’ అనెడి తెలుగు కీబోర్డులో ఏ సంయుక్తాక్షరమునకు నా వ్రేళ్లు తడబడునో, ఏ పుస్తకపు పేజీలు ఏ ఫోల్డరులో నున్నవో, ఇవన్నియు నాకును దానికిని నడుమ కాలక్రమమున కుదిరిన ఒప్పందములు. యంత్రము, వ్యవస్థ, మనుష్యుడు ఒకచోట కుదురుకొన్నప్పుడే పని పండును. మీ పద్ధతిలో మనుష్యుడును వ్యవస్థయు జతగా తిరుగుచుందురు. యంత్రము మాత్రము దారిలో దొరకిన సత్రము.

పథికుడు: సత్రమన్న మాట నాకు నిందగా తోపలేదు, నడచువానికి అది లేనిచో తల దాచుకొను చోటేది? కాని మీ వాదమునకు మూలస్తంభమైన మాటను మీరు విచారింపకయే దాటివేసితిరి: ‘నా బల్లమీది కంప్యూటరు’ అంటిరి. ఆ బల్ల లేనివారి మాటేమి? నేను మూడేండ్లుగా నేతపని మాటలు సేకరించుచు చీరాల, మంగళగిరి, వెంకటగిరి, పోచంపల్లి తిరుగుచున్నాను. పడుగు, పేక, నాడె, అచ్చు అనునవి అందరు నెరిగినవి. వాని చాటున ఒక్కొక్క వీధిలో ఒక్కొక్క పేరుతో బ్రతుకుచున్న చిన్నమాటలు ఎన్నియో కలవు. విన్ననాడే ఎక్కించుకొననిచో మరునాటికి నా చెవిలోనే వాని ఉచ్చారణ మారిపోవును. కావున పగలు కాగితముమీద గీసికొన్నదానిని రాత్రి ఎక్కడ కంప్యూటరు దొరకిన అక్కడ, ఒకనాడు సహకార సంఘపు కార్యాలయములో, ఒకనాడు బంధువుల పిల్లవాని గదిలో, ఒకనాడు జిరాక్సు దుకాణములో కూర్చుండి టైపు చేసికొందును. పెన్ డ్రైవు గ్రుచ్చి, కంప్యూటరును వేసి, తెర వెలుగకమునుపే ఎఫ్12 మీటను, కొన్ని యంత్రములకు ఎఫ్9ను, కొన్నిటికి ఎస్కేపును తట్టుచు నిలిచినచో బూట్ మెనూ వచ్చును. అందు పెన్ డ్రైవు పేరు నెన్నుకొందును. నిమిషము, నిమిషమున్నర. అటుపిమ్మట నా ఇన్‌స్క్రిప్టు కీబోర్డు, నా పోతన ఫాంటు, నిన్న సగములో విడిచిన పదపట్టిక, అన్నియు నా యెదుట నుండును. పని ముగించి లేచిన తరువాత ఆ ఇంటివారి కంప్యూటరు యథాపూర్వముగా నుండును.

గృహస్థు: లాప్‌టాప్ ఒకటి కొనినచో ఈ చిక్కంతయు తీరునుగదా?

పథికుడు: కొనగలవారికి తీరును. నా పెన్ డ్రైవు కొన్ని వందల రూపాయలకు వచ్చినది. అందులోని లినక్సునకు వెల లేదు.

గృహస్థు: అట్లయిన ఇది లేమికి ఉపాయమే గాని స్వతహాగా మేలైన పద్ధతి కాదని మీరే యొప్పుకొన్నట్లగును.

పథికుడు: ఒప్పుకొనను. ఇది పుట్టిన విధము వేరు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును విడుదల చేసిన నాటినుండి చాలకాలము దానిని హార్డు డిస్కుమీద స్థాపించుకొనుటయే సామాన్యమార్గముగ నుండెను. సీడీనుండియే నడపవలెనను యత్నములు అక్కడక్కడ జరిగినవిగాని, 2000 సంవత్సరమున జర్మనీకి చెందిన క్లౌస్ క్నాపర్ అను ఇంజనీరు వెలువరించిన నాపిక్స్ ఈ పద్ధతికి ప్రఖ్యాతి తెచ్చెను. 700 మెగాబైట్లు పట్టు సీడీలో ఆయన ఇంచుమించు రెండు గిగాబైట్ల ప్రోగ్రాములను ముడిచిపెట్టి, చదువునప్పుడు మాత్రమే అవి విచ్చుకొనునట్లు చేసెను. 2003లో ఆస్ట్రేలియానుండి బారీ కౌలర్ అను నాతడు పప్పీ లినక్సును తెచ్చెను. అది పాతయంత్రపు కొద్దిపాటి ర్యామ్‌లోనే తన సమస్తమును సర్దుకొని కూర్చుండును. వీని వెనుకనున్న ఊహను నేను మగ్గము ప్రక్కన కూర్చుండిననాడు గాని సరిగా గ్రహింపలేదు. పడుగు ఒకసారి ఎక్కించిన పిదప ఆ బట్ట ముగియువరకు అది మారదు. నాడెవెంట వచ్చు పేక మాత్రమే క్షణక్షణమునకు క్రొత్తది. పెన్ డ్రైవులోని లినక్సునందు పడుగువంటిది స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అను పద్ధతిలో ముడిచిన ఒకే పెద్ద ఫైలు. అది చదువుటకేగాని వ్రాయుటకు వీలులేనిది. ఏ వైరసును, ఏ పొరపాటును దానిని సామాన్యముగ తాకజాలదు. దానిపై ఓవర్‌లే అను పలుచని పొర యుండును. మనము చేయు మార్పులన్నియు ఆ పొరమీదనే పడును. ఆ పొర ర్యామ్‌లో నున్నచో కంప్యూటరు ఆగినంతనే మాయమగును. పెన్ డ్రైవులో దానికై వేరుచేసిన భాగమున నున్నచో మరుసటి పర్యాయమునకును నిలుచును. ఏది మారరాదో, ఏది మారవలెనో ముందుగనే విడదీసి ఆలోచించినవారి శిల్పమిది. లేమినుండి పుట్టినది కాదు.

గృహస్థు: శిల్పము చక్కనిదే, నేను కాదనను. కాని మీ పేకకు వాడిన దారమెంత గట్టిదో విచారింపవలసియున్నది. పెన్ డ్రైవులోని ఫ్లాష్ కణములు పరిమితమైన మార్లు మాత్రమే వ్రాసి చెరుపుటకు ఓర్చి, పిదప అరిగిపోవునవి. అందు ఒక చిన్న మార్పు చేయవలెనన్నను ఒక పెద్ద గడిని మొత్తముగా చెరిపి వ్రాయవలసియుండును. మంచి ఎస్సెస్డీలో ఈ అరుగుదలను అన్ని గడులకును సమముగా పంచు నేర్పరియైన కంట్రోలరు ఉండును. చవుక పెన్ డ్రైవులో అది నామమాత్రము. ఆపరేటింగ్ సిస్టమో, మనము ఊరకున్నను తానూరకుండదు. లాగ్ వ్రాయును, బ్రౌజరు తన కాషేను వ్రాయును, క్షణక్షణము ఏదో గీకుచునే యుండును. అప్పుడప్పుడు ఫైళ్లు మోయుటకై చేసిన వస్తువును అహోరాత్రములు పొలము దున్నుటకు కట్టినట్లగును.

మా అన్నగారి అమ్మాయి హాస్టలులో నుండి ఎమ్మే సిద్ధాంతవ్యాసమును ఇట్లే పెన్ డ్రైవు లినక్సులో వ్రాసికొనినది. ఏడు నెలలు ఏ లోపమును లేదు. ఒకనాటి రాత్రి పెన్ డ్రైవు తోకనుండు చిన్న దీపము ఆరిపోయినది, ఆమె గమనింపలేదు. ర్యామ్‌లోనికి వచ్చియున్నంతవరకు వ్యవస్థ నడచుచునే యుండును గనుక తెరమీద అక్షరములు పడుచునే యున్నవి. అరగంట వ్రాసి సేవ్ చేయబోయినచో, వ్రాయుటకు వీలులేదని ఒక్క పంక్తి వచ్చినది. తీసి చూడగా ఆ పెన్ డ్రైవు చేతితో పట్టలేనంత వేడిగా నుండెనట. మరల ఏ కంప్యూటరును దానిని గుర్తింపలేదు. రెండు అధ్యాయములు పోయినవి. ఆ వ్యాసము తరువాత పూర్తియైనదిగాని, ఆ రెండు అధ్యాయములను మొదట వ్రాసినంత బాగుగ మరల వ్రాయలేకపోయితినని ఆమె నేటికిని చెప్పుచుండును.

పథికుడు: ఆ అమ్మాయి నష్టమునకు నాయొద్ద సమాధానము లేదు. దానిని వాదముతో కప్పిపుచ్చుట ధర్మమును కాదు. నేను చేయునదేదో చెప్పెదను. బ్రౌజరు కాషేను ర్యామ్‌లోనే ఉంచుదును. పప్పీవంటివానిలో మార్పులు వెంటవెంటనే గాక నియత వ్యవధులకొకసారి మాత్రమే పెన్ డ్రైవునకు చేరునట్లు ఏర్పాటున్నది, దానిని వాడుదును. ప్రతిరాత్రి పడుకొనకమునుపు పదపట్టికను రెండవ పెన్ డ్రైవునకు ఎక్కింతును. హార్డు డిస్కును ఒకనాడు మూగవోవునదే గదా! వస్తువు చెడునను భయముచేత పద్ధతిని విడువనక్కరలేదని నా నమ్మకము.

ఈ పద్ధతి నిలబెట్టిన సంగతి యొకటి వినుడు. ఒక ఊరి చేనేత సహకార సంఘములో కంప్యూటరు పొద్దుట వేసినచో నీలితెర చూపి ఆగిపోయినది. సభ్యుల జాబితా, నూలు ఖాతా, ఎవరికెంత కూలి రావలెనో అంతయు అందులోనే యున్నది. బాగుచేయవచ్చిన కుర్రవాడు ఒక్కమారు చూచి, ఫార్మాట్ కొట్టవలసినదే, లోపలివి పోవును అనెను. అధ్యక్షులవారు మారుమాట లేక కుర్చీలో కూలబడిరి. నేను అనుమతి యడిగి నా పెన్ డ్రైవు పెట్టితిని. విండోస్ చెడిపోయినదిగాని డిస్కు బాగుగనే యున్నది. విండోస్ సరిగా మూతవడని కారణమున లినక్సు ఆ డిస్కును చదువుటకు మాత్రమే తెరచినది. అదియును మేలే, చేయి జారి దేనినైన చెరుపుట కవకాశము లేకపోయినది. నలుబది నిమిషములలో ఫైళ్లన్నియు మరియొక డిస్కునకు చేరినవి. నూలు ఖాతాను లిబ్రే ఆఫీసులో తెరచి చూపగా, ఆయన తెరమీద వ్రేలుంచి ఒక్కొక్క పేరు దిగుచు, పెదవులు కదుపుచు, చివరివరకు లెక్కపెట్టుకొనిరి. అప్పటికిగాని ఆయన టీ గ్లాసు ముట్టలేదు.

గృహస్థు: ఆ పని పుణ్యకార్యము. కాని మీరు చెప్పిన కథలోనే నా భయమున్నది. ఆ విండోసునకు పాస్‌వర్డు ఉండియుండును గదా? మీరు దానిని అడుగవలసిన అవసరమే రాలేదు. పెన్ డ్రైవుతో మరియొక వ్యవస్థను లేపినవానికి లోపలి వ్యవస్థ పెట్టిన కాపలా ఏమియు చేయజాలదు. వాకిట తలుపునకు తాళమువేసి, పెరటిగోడలేని ఇంటివలె డిస్కంతయు పరచుకొనియుండును. మీరు అధ్యక్షుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని తెరచితిరి. అదే పెన్ డ్రైవుతో, ఆ గదిలో ఎవరును లేని రాత్రి, నూలు వ్యాపారి పంపిన మనిషి కూర్చున్నచో? సాధనమునకు సజ్జన దుర్జన భేదము తెలియదు.

పథికుడు: అంగీకరించెదను. కాని ఆ దోషము పెన్ డ్రైవుది కాదు, పెరటిగోడ కట్టుకొనకపోవుటది. డిస్కును సంకేతబద్ధము చేసికొన్నవారికి ఈ భయము లేదు. నేటి విండోస్ యంత్రములలో బిట్‌లాకర్ ఉన్నచో నా లినక్సునకు అక్కడ కనబడునది అర్థములేని అంకెల రాశి.

గృహస్థు: బిట్‌లాకర్ మాట మీరే తెచ్చితిరి గనుక అడుగుచున్నాను. మీరు లేచిన తరువాత ఆ ఇంటివారి యంత్రము యథాపూర్వముగా నుండునని మొదట సెలవిచ్చితిరి. 2012లో విండోస్ 8 వచ్చిన నాటినుండి సెక్యూర్ బూట్ అను ద్వారపాలకుడు కంప్యూటర్లలో సర్వసాధారణమాయెను. కొన్ని లినక్సులు అతడు మెచ్చు ముద్రతో వచ్చును. రానివానికై మీవంటివారు అతనిని ప్రక్కకు తప్పించి, పని ముగించి, వెళ్లిపోవుదురు. మరునాడు ఇంటివారు కంప్యూటరు వేసినచో అది 48 అంకెల రికవరీ కీ అడుగును. ఆ కీ ఎక్కడ దాచితిమో వారికి జ్ఞాపకముండునా? ఆ పూట వారింటిలో జరుగు అలజడిని మీరు చూడరు. అప్పటికి మీరు వేరే ఊరిలో నుందురు. ఇంకొకటి కలదు. మా యింటికి వచ్చిన ఒక మిత్రుడు ఇట్లే పని చేసికొని పోయిన మరునాడు నా గడియారము ఐదుగంటల ముప్పది నిమిషములు వెనుకబడినది. తెల్లవారి పదిగంటలకు వ్రాసిన ఉత్తరముమీద నాలుగున్నర యని పడినది.

పథికుడు: గడియారపు దోషము నిజము. లినక్సు సామాన్యముగ యంత్రపు గడియారమును అంతర్జాతీయ సమయమునకు దిద్దును. విండోస్ అదే గడియారమును స్థానిక సమయముగా చదువును. మన దేశమునకును ఆ సమయమునకును గల అంతరము సరిగా ఐదున్నర గంటలు. నేనును ఒకరి యింట ఈ తప్పు చేసితిని. నాటినుండి లేచుటకు ముందు విండోసును ఒకసారి లేపి గడియారము చూచి మరి లేచుచున్నాను. సెక్యూర్ బూటును ఇంటివారి అనుమతి లేక తాకరాదన్న మాటయు స్వీకరించుచున్నాను. ‘యథాపూర్వము’ అని నేను త్వరపడి అంటిని. అతిథి ఎంత మెలకువతో మెలగినను చాపమీద కొంత మడత పడును.

గృహస్థు: అతిథివలన ఇంటికి కలుగు హానికన్న ఇంటివలన అతిథికి కలుగు హాని పెద్దదని నా నిశ్చయము. మీ పడుగు మారదు, మీ పేక శుద్ధమైనది, సరే. మగ్గము ఎవరిది? కీబోర్డునకును పెట్టెకును నడుమ గోరంత పరికరము నొకదానిని తగిలించినచో మీరు కొట్టు ప్రతి అక్షరమును అది దాచుకొనును. మీ లినక్సునకు దాని ఉనికియే తెలియదు. యంత్రపు ఫర్మ్‌వేరులోనే పురుగు చేరినచో మీ వ్యవస్థ మేల్కొనకమునుపే అది మేల్కొనియుండును. ఇంటివారికిని ఇట్టిదే ప్రమాదము కలదు: పెన్ డ్రైవులోని కంట్రోలరునే మార్చి, అది కంప్యూటరునకు కీబోర్డువలె కనబడునట్లు చేయవచ్చునని 2014లో ఇద్దరు పరిశోధకులు బాడ్‌యుఎస్‌బీ యను పేర నిరూపించి చూపిరి. జేబులోనుండి తీసిన దానిని ఇంటివారు ఏ నమ్మకముతో పెట్టనీయవలెను? మీకు వారి యంత్రముమీద నమ్మకము లేదు, వారికి మీ పెన్ డ్రైవుమీద ఉండనవసరము లేదు.

పథికుడు: ఈ వాదమునకు పూర్తి ప్రత్యుత్తరము నాకడ లేదు, ఎవరికడను లేదేమో. ఈ పద్ధతిని పరాకాష్ఠకు కొనిపోయిన టెయిల్స్ అను వ్యవస్థ 2009లో మొదలైనది. అది ప్రతి సంభాషణను టోర్ అను మరుగు మార్గముననే పంపును. ఆపినంతనే ర్యామ్‌ను తుడిచివేయును. పెన్ డ్రైవును ఊడబెరికినను ఆ పని చేసియే కన్నుమూయును. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా ప్రభుత్వపు నిఘాను బయటపెట్టిననాడు, ఆయనయు ఆయనతో మాటలాడిన పత్రికారచయితలును దీనిని వాడిరి. లోకములోకెల్ల బలమైన నిఘాసంస్థ కంటబడక జరుగవలసిన పనికి వారు ఎన్నుకొన్న సాధనము జేబులోని లినక్సు. అయినను టెయిల్స్ నిర్మాతలే, యంత్రము చెడ్డదైనచో మేము కాపాడలేమని తమ పత్రములలో స్పష్టముగ హెచ్చరించియున్నారు. నేనును పరుల యంత్రముమీద బ్యాంకు పాస్‌వర్డు కొట్టను. నేత మాటలు కొట్టుదును.

గృహస్థు: అనగా మీ స్వాతంత్ర్యము మీకు ముఖ్యమైన పనులకు పనికిరానిది.

పథికుడు: నాకు అన్నిటికన్న ముఖ్యమైన పని నేత మాటలే.

గృహస్థు: నా మాటను ఉపసంహరించుకొనుచున్నాను. అయినను ఒక ప్రశ్న మిగులును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సామాన్య మద్దతు ముగిసినది. విండోస్ 11కు తగని యంత్రములు మనదేశమున పాఠశాలలలో, కార్యాలయములలో కోకొల్లలు. వానిని పారవేయక లినక్సుతో బ్రతికింపవలెనన్నచో నేను మీ ప్రక్కననే నిలుతును. కాని లోపలి డిస్కుమీద స్థాపించి బ్రతికింపుడు! ప్రతిదినము పెన్ డ్రైవుతో లేపుట ఏల? మైక్రోసాఫ్టువారును 2012లో విండోస్ టు గో అని ఇట్టిదే ఒకటి తెచ్చి, దానికి క్రొత్త మార్పులు ఎక్కించుట కుదరకయు, తగిన పెన్ డ్రైవులు అరుదగుటచేతను 2020లో మానుకొనిరి.

పథికుడు: స్థాపింపవలసినచోట స్థాపింపవలసినదే. కాని స్థాపింపుమని చెప్పుటకు ముందు వినువానికి చూపవలెను గదా! ఉబుంటు అను లినక్సును వెలువరించువారు 2005నుండి 2011వరకు అడిగినవారికెల్ల ఉచితముగా సీడీలు తపాలలో పంపిరి. ఆ సీడీ పెట్టి, లోపల ఒక్క అక్షరమును మార్చక, ఇది యెట్లుండునో చూచి, నచ్చనిచో తీసివేసికొను అవకాశమే మాతరము విద్యార్థులను లినక్సు గుమ్మమువరకు తెచ్చినది. పోగొట్టుకొను భయము లేనప్పుడే మనుష్యుడు క్రొత్తదానిని ముట్టును. హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థవారు లినక్సును తెలుగులో మాటలాడించుటకు శ్రమించిరి. మెనూలన్నియు తెలుగులో కనబడు తెరను ఒక బడిపంతులుగారు మొదటిసారి చూచినప్పుడు, అది తన బడి కంప్యూటరుమీదనే, దాని విండోసునకు ఏ భంగమును లేకుండ కనబడవలెను. ఆ మొదటి చూపును ఇచ్చునది పెన్ డ్రైవే.

గృహస్థు: మొదటి చూపును గూర్చి మీరంటిరి, నేను చివరి చూపును గూర్చి అడిగెదను. మీ పెన్ డ్రైవులోని పదపట్టిక సంకేతబద్ధమై యున్నదా?

పథికుడు: ఉన్నది. దారిలో పోయినచో ఎవరును చదువకుండుటకు. ఇరువది అక్షరములకు పైబడిన సంకేతపదము.

గృహస్థు: నన్నెచోడుని కుమారసంభవము శతాబ్దములపాటు లోకమున కగపడక తంజావూరు సరస్వతీ మహలులో పడియుండి, మానవల్లి రామకృష్ణకవిగారి కంటబడి 1909లో అచ్చెక్కెను. ఎవరో దానిని వ్రాసి ఒకచోట నుంచిరి, ఉంచినవారు పోయిరి, అది అక్కడనే యున్నది, తెరచినవానికి చదువ శక్యమయ్యెను. ఇల్లనగా నా భావమున ఇది: మనము లేనప్పుడు మన వస్తువు మరియొకరికి దొరకు చోటు. నా కంప్యూటరులోని పేజీలు నేను పోయిన మరునాడు మావాండ్లు తెరచి చూతురు. పనికివచ్చినది అచ్చువేయుదురు, రానిది చెరుపుదురు. మీ పెన్ డ్రైవును మీవారు ఏ యంత్రమునకు తగిలించినను అది సంకేతపద మడిగి ఊరకుండును. వెంకటగిరి ముదుసలి నేతగాడు తన తాతనాటి మాటను మీచెవిన వేసి కన్నుమూసినాడనుకొనుడు. ఆ మాట మీజేబులోనే రెండవసారి చచ్చిపోవును.

పథికుడు: తాళపత్రములు ఇంట నుండుటచేత మాత్రమే మిగులలేదు, అవి చెదపట్టక, నిప్పంటక మునుపే ఎవరో ప్రతి వ్రాసికొనుటచేత మిగిలినవి. ప్రతి వ్రాసికొను హక్కును ఈ లినక్సు తన అనుమతిపత్రముననే మనకిచ్చినది. నా వ్యవస్థను సమస్తముగ మరియొక పెన్ డ్రైవునకు దింపి మీచేత పెట్టుటకు ఒక గంట చాలును. అయినను మీరన్నది నన్ను తాకినది. బదులు చెప్పి తప్పించుకొనజాలను. నేను తాళము వేసినది మాటలకు గాదు. నేతగాండ్రు నాకు మాటలతోపాటు అప్పులును చెప్పిరి. ఎవరి మగ్గము ఎవరియొద్ద తాకట్టున్నదో, ఏ సావుకారు ఏ చీరకు ఎంత కోసినాడో, కొమార్తె పెండ్లికై నూలు ఎవరికి అమ్మిరో, అన్నియు చెప్పిరి. ఆ పెన్ డ్రైవు బస్సులో జారి అదే ఊరి సావుకారు చేతబడినచో నేను వారికి చేసిన ద్రోహమునకు నిష్కృతి లేదు.

గృహస్థు: మాటలను వేరుగా, అప్పులను వేరుగా ఉంచరాదా?

పథికుడు: యత్నించితిని. ‘ఈ నాడె అప్పుచేసి కొన్నది’ అనుచునే దానికి తమ యింట పిలుచు పేరు చెప్పుదురు. వాక్యమును కోసినచో మాటకు ప్రాణము పోవుచున్నది.

గృహస్థు: ఆ సంకేతపదము మీకుగాక మరియొకరికి తెలియునా?

పథికుడు: తెలియదు. మీ బల్లకు సొరుగున్నదా?

గృహస్థు: ఉన్నది. తాళమును ఉన్నది, తాళపుచెవి మాత్రము ఇంటిల్లిపాదికి తెలిసినచోటనే యుండును.